పాత కలర్ టీవీ బాగుచేయడం: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సోల్డరింగ్ ఐరన్ పట్టడం, మల్టీమీటరు చూడడం వచ్చి, డబ్బా టీవీ వెనక మూత మాత్రం ఇంతవరకు తియ్యనివాళ్ల కోసం ఈ పేజీ. 1980లు, 90ల నాటి పిక్చర్ ట్యూబ్ సెట్ల గురించే ఇక్కడ చెబుతున్నాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల దొరికే సరుకు, ఇక్కడి ఎండ, ఇక్కడి ఉక్కపోత లెక్కలో పెట్టుకుని రాసింది.

అటక మీద నుంచి టీవీ దింపాం. పనిచేస్తుందో లేదో ఒకసారి ప్లగ్గు పెట్టి చూడొచ్చా?

వద్దు. సెట్లు ఎక్కువగా చచ్చేది అక్కడే. ఏళ్ల తరబడి కరెంటు ఎరగని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో లోపలి ఆక్సైడ్ పొర పల్చబడి ఉంటుంది. మెయిన్ కండెన్సర్ మీద ఒక్కసారిగా 325 వోల్టుల డీసీ పడితే (230 వోల్టుల ఏసీకి శిఖరం అంతే) అది లీకై, వేడెక్కి, ఉబ్బి పేలొచ్చు. పోతూ పోతూ బ్రిడ్జి డయోడ్లనీ, పవర్ సప్లై ట్రాన్సిస్టర్‌నీ వెంట తీసుకుపోతుంది. లోపల బల్లి ఎండిపోయి బోర్డుకు అతుక్కుని ఉండొచ్చు, చీమలు పుట్ట పెట్టి ఉండొచ్చు. వెనక మూత తీసి, దుమ్ము దులిపి, కళ్లతో చూసి, ఆ తర్వాత సీరీస్ బల్బు (కరెంటు దారిలో వరసగా కట్టిన ఫిలమెంటు బల్బు, ఎలా కట్టాలో కింద ఉంది) ద్వారా కరెంటు ఇవ్వాలి.

మొదటి సెట్టుగా ఏది తీసుకోవాలి?

మన దేశంలో కలర్ ప్రసారాలు 1982 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఆ తొలినాళ్ల సెట్లు చూడముచ్చటగా ఉంటాయి: చెక్క క్యాబినెట్, ఎనిమిది బటన్ల ట్యూనరు, కొన్నింటికి జరిపే షట్టరు కూడా. డయనోరా, సాలిడేర్, మన హైదరాబాద్ ఈసీ టీవీ పేర్లు వినగానే చాలామందికి మనసు లాగుతుంది. కానీ వాటిలో బోర్డులు ఎక్కువ, కనెక్టర్లు ఎక్కువ, చాసిస్ (బోర్డు, దాని చట్రం) చాలావాటిలో కరెంటుతో నేరుగా కలిసి ఉంటుంది. నేర్చుకోవడానికి 90ల నాటి 14 లేదా 21 అంగుళాల సెట్టు, వెనక ఏవీ (ఆడియో వీడియో) పిన్నులు ఉన్నది మేలు. ఒకే బోర్డు, విడిభాగాలు దొరుకుతాయి, పోయినా బాధ ఉండదు. చెక్క పెట్టె రెండో సెట్టుగా చేయండి.

అదే మోడల్‌ది చెడిపోయిన సెట్టు ఇంకొకటి స్క్రాపులో దొరికితే వదలకండి. సర్క్యూట్ డయాగ్రమ్ లేకపోయినా, పక్కన పెట్టి కొలతలు పోల్చుకోవచ్చు.

కొనేముందు ఏం చూసి తీసుకోవాలి?

పిక్చర్ ట్యూబ్. మిగతావన్నీ ఏదో ఒక దారిన దొరుకుతాయి, ట్యూబ్ దొరకదు. కొత్తవి తయారుకావడం లేదు, పాతది సరిపోయే సైజులో, సరిపోయే బేసుతో, సరిపోయే యోక్‌తో (మెడ మీద తొడిగి ఉండే రాగి కాయిల్) దొరకడం అదృష్టం. అందుకే క్యాబినెట్ మెరుపు చూసి బేరం ఆడకండి.

కరెంటు లేకుండానే కొంత తెలుస్తుంది. వెనక మూత తీయనిస్తే ట్యూబ్ మెడ చూడండి. మెడ కొసన ఉన్న బోర్డు మెల్లగా, వంచకుండా, నేరుగా వెనక్కి లాగితే పిన్నులు బయటపడతాయి. హీటర్ పిన్నుల మధ్య మల్టీమీటరు ఒకటి రెండు ఓములు చూపాలి. ఏవి హీటర్ పిన్నులో నెక్ బోర్డు మీద హెచ్ అక్షరంతో అచ్చువేసి ఉంటుంది. ఏమీ చూపకపోతే హీటర్ తెగింది, ఆ సెట్టును విడిభాగాల ధరకే తీసుకోవాలి. బ్లాక్ అండ్ వైట్ ట్యూబుల్లో మెడ లోపల వెండి మచ్చ తెల్లబడితే గాలి దూరిందని గుర్తుపట్టొచ్చు. కలర్ ట్యూబుల్లో ఆ మచ్చ చాలావరకు గరాటు భాగం లోపల, నల్లపూత వెనక ఉంటుంది. మెడలో వెండి మచ్చ లేదని ట్యూబ్ పోయిందనుకోకండి.

అమ్మేవాళ్లు ఆన్ చేసి చూపిస్తుంటే చల్లగా ఉన్న సెట్టునే ఆన్ చేయమనండి. అప్పటికే గంట నడిపి ఉంచిన సెట్టులో నీరసపడ్డ ట్యూబ్ కూడా బాగానే కనిపిస్తుంది. చల్లటి సెట్టులో బొమ్మ రావడానికి నిమిషాలు పట్టినా, తెల్లచొక్కాల మీద వెండి పూసినట్టు మెరుపు వచ్చి వివరాలు చెరిగినా, ట్యూబ్ అరిగిందని అర్థం.

ఇంటికి ఎలా తేవాలి?

ఆటో వెనక సీటు మీద, తెర సీటు ఆనుడు వైపు తిప్పి, మధ్యలో దుప్పటి మడత పెట్టి. 21 అంగుళాల సెట్టులో బరువంతా ముందు గాజులోనే ఉంటుంది, ఒక్కరే ఎత్తితే ముందుకు తూలుతుంది. మెడకు మాత్రం దెబ్బ తగలకూడదు. బెజవాడ రోడ్ల గుంతల్లో టూవీలర్ వెనక కట్టుకుని తెచ్చే ఆలోచన మానుకోండి.

లోపల షాక్ కొడుతుందంటారు. ఎక్కడెక్కడ, ఎంత?

మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది ట్యూబ్ పైభాగాన రబ్బరు టోపీ కింద ఉండే ఈహెచ్‌టీ, అంటే ట్యూబ్‌కు అందే అతి ఎక్కువ వోల్టేజీ. కలర్ సెట్లలో ఇది 20 నుంచి 25 కిలోవోల్టులు. ట్యూబే ఒక కండెన్సర్‌లా పనిచేస్తుంది కాబట్టి ప్లగ్గు తీసి రోజులైనా కొంత నిలవ ఉండొచ్చు. ఆ షాక్ కన్నా, అది తగిలి చెయ్యి విసిరినప్పుడు ట్యూబ్ మెడ విరగడం, చెయ్యి తెగడం మామూలు ప్రమాదాలు.

డిశ్చార్జ్ ఇలా చేయాలి. ప్లగ్గు తీయండి. పొడుగాటి, పిడి మందంగా ఉన్న స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీకి ఒక వైరు క్లిప్పుతో బిగించండి. వైరు రెండో కొస ట్యూబ్ వెనక నల్లపూత మీద సాగి ఉండే అల్లిక తీగకు బిగించండి. చాసిస్‌కు బిగించకండి, ఆ చార్జి ఐసీల గుండా పోతే అవి పోతాయి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను రబ్బరు అంచు కింద నుంచి లోపలి ఇనుప క్లిప్పు తగిలే దాకా తొయ్యండి. టక్కుమని చప్పుడు రావచ్చు, రాకపోవచ్చు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. గాజులో ఇంకిన చార్జి తిరిగి పైకి వస్తుంది, రెండోసారి కూడా చిన్నగా టక్కుమనడం చాలాసార్లు జరిగేదే.

రెండోది పవర్ సప్లై మెయిన్ కండెన్సర్. 100 నుంచి 220 మైక్రోఫారడ్, 400 వోల్టులది, లావుగా కనిపిస్తుంది. ప్రాణం తీసే శక్తి దీనిలోనే ఉంది. ఇందులో ఒక తిరకాసు ఉంది: పనిచేసే సెట్టులో ఇది తనంతట తనే ఖాళీ అవుతుంది, చచ్చిన సెట్టులో ఖాళీ చేసేదెవరూ లేక 300 వోల్టులు అలాగే కూర్చుని ఉంటుంది. 2.2 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టెన్స్ దాని రెండు కాళ్ల మధ్య పది సెకన్లు పట్టుకుని, మీటరుతో సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే కండెన్సర్ కాళ్లు, బోర్డు రాగి దారులు కాలతాయి.

మూడోది చాసిస్. దీని సంగతి విడిగా చెప్పాలి.

లైవ్ చాసిస్ అంటే ఏమిటి? మా సెట్టు అలాంటిదో కాదో ఎలా తెలుస్తుంది?

కొన్ని సెట్లలో బోర్డు గ్రౌండు మొత్తం మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ట్యూనరు డబ్బా, హీట్‌సింకు, అన్నీ షాక్ కొడతాయి. ప్లగ్గు తిప్పి పెడితే పోతుందన్న మాట బ్రిడ్జి రెక్టిఫయర్ ఉన్న సెట్లలో అస్సలు నిజం కాదు, ఎటు పెట్టినా కొడుతుంది.

పరీక్ష: ప్లగ్గు గోడ నుంచి తీసి, మెయిన్ కండెన్సర్ ఖాళీ చేసి, టీవీ స్విచ్చు ఆన్‌లో పెట్టండి. ప్లగ్గు పిన్ను ఒక్కోదానికీ, ట్యూనరు డబ్బాకీ మధ్య మీటరును డయోడ్ రేంజిలో అటూ ఇటూ తిప్పి పెట్టి చూడండి. 500 లాంటి అంకె వచ్చినా, తక్కువ ఓములు చూపినా లైవ్ చాసిస్. ఓమ్ రేంజిలో మెగాఓములు చూపితే ఐసోలేటెడ్. అందులో కూడా పవర్ సప్లై ప్రైమరీ వైపు (మెయిన్స్ వచ్చే వైపు) లైవే, బోర్డు మీద ఒక గీత గీసి వేరు చేసి ఉంటుంది.

పని చేసేటప్పుడు 230/230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 250 వీఏది కావాలి. ఇంట్లో ఉన్న స్టెబిలైజర్ చాలు కదా అని చాలామంది అడుగుతారు. చాలదు. స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, అది వోల్టేజీ సరిచేస్తుందేగానీ మెయిన్స్ నుంచి విడదీయదు.

ఇంకొకటి: ప్రైమరీ వైపు వోల్టేజీ కొలిచేటప్పుడు మీటరు నల్లతీగ మెయిన్ కండెన్సర్ నెగటివ్‌కు పెట్టాలి, సెకండరీ వైపు కొలిచేటప్పుడు ట్యూనరు డబ్బాకు. ఇవి తారుమారై, లేని ఫాల్టు కోసం వారం వెతికినవాళ్లున్నారు.

సామాన్లు ఏం కావాలి?

35 వాట్ల ఐరన్, 60/40 లెడ్, డీసోల్డరింగ్ పంపు, డిజిటల్ మల్టీమీటరు, భూతద్దం, అంగుళం పెయింటు బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరు మ్యాటు, సీరీస్ బోర్డు. ఈఎస్ఆర్ మీటరు (కండెన్సర్ లోపలి రెసిస్టెన్స్ కొలిచేది) ఉంటే సగం పని తేలిక. ఆసిల్లోస్కోపు మొదటి సెట్టుకు అక్కర్లేదు. గచ్చు మీద ఉత్తకాళ్లతో కూర్చుని పని చేయొద్దు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే చేయండి.

దుమ్ము ఎలా దులపాలి?

ఆరుబయట, పొడి బ్రష్షుతో, బ్లోయరు దూరంగా పట్టి. మెడ దగ్గర చేతివేళ్లతో తడిమినంత మెత్తగా. గుంటూరు మిర్చి యార్డు వైపు ఇంట్లో నడిచిన సెట్టయితే మాస్కుతో పాటు కళ్లద్దాలు కూడా పెట్టుకోండి, ఎందుకో మొదటి ఊదుకే తెలుస్తుంది. ఈహెచ్‌టీ రబ్బరు టోపీ, దాని చుట్టూ ఉన్న వట్టి గాజు వలయం ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. దాని చుట్టూ ఉన్న నల్లపూతను మాత్రం తడిగుడ్డతో రుద్దకండి. అది మురికి కాదు, ట్యూబ్ కండెన్సర్‌లో ఒక పలక.

సీరీస్ బల్బు ఎలా కట్టాలి? వెలుగును బట్టి ఏం తెలుస్తుంది?

ఫేజు తీగను తెంచి మధ్యలో ఒక హోల్డరు పెట్టడమే. బల్బు పాతకాలపు ఫిలమెంటుది కావాలి: 14 అంగుళాలకు 60 వాట్లు, 21 అంగుళాలకు 100 వాట్లు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంటు బల్బులు ఇప్పుడు అన్ని షాపుల్లో లేవు, రెండు కొని దాచుకోండి.

ముందు డీగాస్ కాయిల్ (తెర మీది అయస్కాంత ప్రభావాన్ని చెరిపేది) కనెక్టరు ఊడదీయండి. ట్యూబ్ చుట్టూ నల్ల టేపుతో చుట్టిన లావు తీగ నుంచి బోర్డుకు వచ్చే రెండు పిన్నుల కనెక్టరు అది. దాన్ని వదిలేస్తే ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంటుకు బల్బు పూర్తిగా వెలిగి, షార్టు ఉందేమోనని కంగారు పడతారు.

బల్బు భగ్గున వెలిగి, సెకనులో తగ్గి మసగ్గా నిలిస్తే మంచిది, మెయిన్ కండెన్సర్ నిండిందన్నమాట. వెలిగింది వెలిగినట్టే ఉంటే షార్టు: బ్రిడ్జి, పవర్ ట్రాన్సిస్టర్, లేదా లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ (ఫ్లైబ్యాక్ అనే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌ను నడిపేది). అసలు వెలగకపోతే ఫ్యూజో, స్విచ్చో, దారిలో ఉన్న వైరుచుట్ట రెసిస్టెన్సో తెగింది. వెలుగు ఊపిరి పీల్చినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటే పవర్ సప్లై మొదలవబోయి ఆగుతోంది. బల్బు వల్ల వోల్టేజీ చాలకైనా కావచ్చు, లోడు ఎక్కువైనా కావచ్చు. ముందు 200 వాట్ల బల్బు పెట్టి చూడండి.

వేరియాక్ (వోల్టేజీని కావలసినంత తిప్పుకునే ట్రాన్స్‌ఫార్మర్) ఉన్నవాళ్లు మెల్లగా 50, 100 వోల్టులంటూ పెంచుతూ పోతారు. లీనియర్ సప్లై ఉన్న పాత రేడియోకు అది మంచి పద్ధతే. ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ రకం పవర్ సప్లై) ఉన్న టీవీకి కాదు: తక్కువ వోల్టేజీలో అది ఎక్కువ కరెంటు లాగి ట్రాన్సిస్టర్‌ను కాల్చుకోవచ్చు. పదేళ్లకు పైగా వాడని సెట్టులో మెయిన్ కండెన్సర్ కొత్తది వేసి, బల్బుతో ఆన్ చేయడమే సులువు.

పూర్తిగా డెడ్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్యూజు చూడండి. గాజు నల్లగా, వెండి చిమ్మినట్టుంటే గట్టి షార్టు. మధ్యలో తీగ సన్నగా తెగి గాజు శుభ్రంగా ఉంటే వయసు వల్లో, ఒక్కసారి వచ్చిన పోటు వల్లో అయ్యుండొచ్చు. రాసి ఉన్న విలువే, స్లో బ్లో రకమే వేయాలి. రాగి తీగ చుట్టి నడిపిన సెట్లు తరచుగా వస్తుంటాయి. అలాంటిది కనిపిస్తే లోపల ఇంకెన్ని సొంత తెలివితేటలు ఉన్నాయో వెతుక్కోవాలి.

ఫ్యూజు బాగుండి, మెయిన్ కండెన్సర్ మీద 300 చిల్లర వోల్టులు ఉండి, సెకండరీలో ఏమీ రాకపోతే స్టార్టప్ రెసిస్టెన్స్ తీసి కొలవండి. 300 వోల్టుల లైను నుంచి పవర్ ఐసీకో ట్రాన్సిస్టర్ బేసుకో పోయే లక్ష ఓములు, అంతకు పైబడిన రెసిస్టెన్స్ అది. ఏళ్ల తరబడి 300 వోల్టులు మోసి మోసి ఓపెన్ అవుతుంది. పైకి కాలిన గుర్తు ఉండదు. అర వాట్ ఒకటి పెట్టే బదులు, సగం విలువవి రెండు వరసగా పెడితే వోల్టేజీ పంచుకుని ఎక్కువకాలం ఉంటాయి.

టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే సప్లై బాగుండి, దాని తర్వాతి భాగంలో ఏదో షార్టైందని అనుమానించండి. మెయిన్ లైను, అంటే బీ ప్లస్, ఫ్లైబ్యాక్‌కు పోయే దారి విడదీసి, దాని బదులు 60 వాట్ల బల్బు లోడుగా పెట్టండి. ఎస్‌టీఆర్ 50103 ఉన్న సెట్లలో ఇక్కడ 103 వోల్టులు రావాలి, ఆ అంకె ఐసీ పేరులోనే ఉంది. మిగతావాటిలో సుమారు 103 నుంచి 145 మధ్య ఉంటుంది, బోర్డు మీదో డయాగ్రమ్‌లోనో రాసి ఉన్నదే ప్రమాణం. బొమ్మ బాగా వెలుగుతుందని బీ ప్లస్ పెంచకండి. ఈహెచ్‌టీ పెరుగుతుంది, ఎక్స్‌రే కూడా పెరుగుతుంది.

లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మార్చాం, ప్లగ్గు పెట్టగానే మళ్లీ పోయింది. ఎందుకు?

అది పోవడం ఎప్పుడూ రోగం కాదు, లక్షణం. కారణం చూడకుండా కొత్తది వేస్తే కొత్తదీ పోతుంది. ఎక్కువగా ఉండే కారణాలు నాలుగు.

డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు). భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ జుట్టంత సన్నటి నల్ల వలయం కనిపిస్తుంది. డ్రైవ్ తెగీ తెగక అందితే ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది.

కలెక్టర్ దగ్గర ఉండే ట్యూనింగ్ కండెన్సర్ విలువ తగ్గడం. 1600 లేదా 2000 వోల్టుల పాలీప్రొపిలీన్ రకం, కొన్ని నానోఫారడ్‌లు. దీని విలువ తగ్గిందంటే ఫ్లైబ్యాక్ పోటు పెరిగి, ఈహెచ్‌టీ పెరిగి, ట్రాన్సిస్టర్ ఆ దెబ్బ తట్టుకోలేదు. దగ్గరి విలువతో సర్దుకునే చోటు ఇది కాదు. అదే విలువ, అదే వోల్టేజీ, అదే రకం.

ఫ్లైబ్యాక్ లోపల చుట్లు షార్ట్. మామూలు మీటరుతో దొరకదు. ఒంటి మీద పగులు, ఉబ్బు, సూదిమొనంత నల్ల రంధ్రం కోసం వెతకండి. సీరీస్ బల్బులో నిమిషం నడిపి, ప్లగ్గు తీసి, డిశ్చార్జ్ చేసి తాకితే చెయ్యి కాలేంత వేడిగా ఉంటే అదే. దాని మీద అచ్చయిన నంబరుతోనే కొత్తది అడగాలి.

నాలుగోది ట్రాన్సిస్టరే తప్పు రకం కావడం. బీయూ 208ఏ, 508ఏ లాంటి వాటిలో డాంపర్ డయోడ్ బయట విడిగా ఉంటుంది. చివర డీ ఉన్నవాటిలో లోపలే ఉంటుంది. డీ తీసి ఏ పెడితే వెంటనే పోతుంది. డీ రకంలో బేసుకీ ఎమిటర్‌కీ మధ్య లోపల రెసిస్టెన్స్ ఉండడం వల్ల మీటరు కొన్ని పదుల ఓములు చూపుతుంది. కొత్తదాన్ని కొలిచి షార్టని షాపుకు తిరిగి పట్టుకెళ్లేవాళ్లు ఇందుకే. ఇక నకిలీ సరుకు గురించి చెప్పక్కర్లేదు, మరీ చవకగా ఇస్తుంటే అనుమానించాల్సిందే.

బిగించేటప్పుడు మైకా, పేస్టు మరవకండి. ట్రాన్సిస్టర్ ఇనుప ఒళ్లే కలెక్టర్. బిగించాక ఒంటికీ హీట్‌సింకుకీ మధ్య కంటిన్యుటీ రాకూడదు. సెట్టు నడుస్తుండగా కలెక్టర్ మీద మీటరు పెట్టకండి, అక్కడి పోటు వెయ్యి వోల్టులు దాటుతుంది, మీటరు పోతుంది. బీ ప్లస్ కొలవాలంటే దాని ఫిల్టర్ కండెన్సర్ దగ్గర కొలవండి.

కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేయాలా?

అక్కర్లేదు, మంచిది కూడా కాదు. ఒకేసారి అన్నీ మార్చి, ఒకటి తిరగేసి పెడితే ఎక్కడ తప్పు జరిగిందో దొరకదు. ఐదేసి మార్చి ఆన్ చేసి చూస్తూ పోండి. ముందుగా హీట్‌సింకులకు ఆనుకుని ఉన్నవి, పవర్ సప్లైలో చిన్నవి (ఒకటి నుంచి 47 మైక్రోఫారడ్ దాకా), వర్టికల్ ఐసీ (బొమ్మను నిలువునా పరిచేది) చుట్టూ ఉన్నవి, నెక్ బోర్డుకు పోయే సుమారు 180 వోల్టుల లైను మీది 10 మైక్రోఫారడ్ 250 వోల్టులది. ఈ చివరిది ఎండితే బొమ్మ ఒక పక్క వెలుతురు, ఇంకో పక్క చీకటిగా, రంగులు సాగినట్టు వస్తుంది. విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా కొంచెం ఎక్కువ, వేడి తట్టుకునేది 105 డిగ్రీలది. తీసే ముందు ఫోటో తీసి, బోర్డు మీద నెగటివ్ వైపు మార్కర్‌తో గుర్తు పెట్టండి.

పెద్ద కండెన్సర్ల అడుగున పసుపుపచ్చగా ఉండాల్సిన జిగురు ముదురు గోధుమరంగుకు మారి ఉంటే గీకి తీసేయండి. అది కాళ్లను తినేస్తుంది, కరెంటు కూడా పోనిస్తుంది.

డ్రై సోల్డర్ ఎక్కడ వెతకాలి?

వేడెక్కే చోట, బరువు మోసే చోట: ఫ్లైబ్యాక్ కాళ్లు, వర్టికల్ ఐసీ, యోక్ కనెక్టరు, పవర్ స్విచ్చు, డీగాస్ పీటీసీ (వేడెక్కి డీగాస్ కరెంటును తగ్గించే భాగం), ఏవీ సాకెట్లు. పాత లెడ్ పంపుతో లాగేసి కొత్తది వేయాలి, పాతదాని మీద కరిగించి వదిలేస్తే ఆరు నెలలకు మళ్లీ వస్తారు. టీవీ పక్కన తడితే బొమ్మ వచ్చే సెట్లలో అధిక భాగం ఇదే.

తెర మధ్యలో అడ్డంగా ఒకే తెల్లగీత వస్తోంది.

వర్టికల్ పోయింది. ముందు బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించండి, లేకపోతే ఆ గీత తెర మీద మచ్చగా కాలిపోతుంది, తర్వాత ఏం చేసినా పోదు. ఐసీ సప్లై పిన్ను మీద వోల్టేజీ ఉందా, దారిలోని ఫ్యూజిబుల్ రెసిస్టెన్స్ తెగిందా, యోక్ కనెక్టరు బాగుందా చూసి, ఆ తర్వాతే ఐసీ మార్చండి. బొమ్మ పైభాగం మడతపడుతుంటే ఐసీ పక్కన 100 మైక్రోఫారడ్ కండెన్సర్ మారిస్తే చాలావరకు సరిపోతుంది.

బొమ్మ బాగుంది, రంగు లేదు.

సెట్టు విప్పే ముందు సిగ్నల్ చూడండి. డీవీడీ ప్లేయరో గేమో ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా కలర్ పద్ధతి) ఉంటే పాత పాల్ (మన దేశపు కలర్ పద్ధతి) సెట్టులో బ్లాక్ అండ్ వైట్‌లో, ఒక్కోసారి దొర్లుతూ వస్తుంది. సెట్టింగు పాల్‌కు మార్చండి. అది సరిగ్గానే ఉంటే క్రిస్టల్: టీడీఏ 3561 తరహా ఐసీలున్న సెట్లలో 8.867238 మెగాహెర్ట్జ్, కొన్నింట్లో 4.433619. చవకైన వస్తువు, మార్చి చూడొచ్చు.

మూలల్లో ఆకుపచ్చ, ఊదా మచ్చలున్నాయి.

అయస్కాంతం ప్రభావం. పక్కన పెద్ద స్పీకరు పెట్టెలుంటే తీసేయండి. డీగాస్ కనెక్టరు తిరిగి పెట్టడం మరిచిపోయారేమో చూడండి. పెట్టే ఉంటే పీటీసీ తీసి ఊపండి, లోపల గలగలమంటే పోయినట్టే. డీగాస్ ఒకసారి చేసిన తర్వాత సెట్టు చల్లారితేగానీ రెండోసారి పనిచేయదు, వెంటవెంటనే ఆఫ్ ఆన్ చేసి లాభం లేదు.

యోక్ వెనక మెడ మీది రింగు అయస్కాంతాలను మాత్రం తిప్పకండి. రంగు చుక్క వేసి సీలు చేసి ఉంటాయి. ఒకసారి కదిలితే మూడు రంగులనూ మళ్లీ ఒకచోటికి తేవడం కొత్తవాళ్ల పని కాదు.

బొమ్మ తెల్లవెలుగుతో నిండి, ఏటవాలు గీతలు కనిపిస్తున్నాయి.

ఫ్లైబ్యాక్ మీద రెండు నాబ్‌లుంటాయి: పైది సాధారణంగా ఫోకస్, కిందిది స్క్రీన్. స్క్రీన్ ఎవరో ఎక్కువ పెట్టారు, లేదా నెక్ బోర్డు సప్లై పోయింది. నాబ్ ఉన్న చోటు గుర్తు పెట్టుకుని, గీతలు పోయేదాకా మెల్లగా తగ్గించి, అక్కడి నుంచి ఇంకాస్త తగ్గించండి.

వానాకాలంలో లోపల చిటపటమంటోంది.

చీకట్లో, మూత తీసి, దూరం నుంచి చూడండి. టోపీ అంచున నీలిరంగు వెలుగు కనిపిస్తే దుమ్ము మీద తేమ. తుడిచి ఆరబెడితే తగ్గుతుంది. ఫ్లైబ్యాక్ ఒంటి నుంచే మెరుపు వస్తుంటే మార్చాల్సిందే. పైన ఎంసీల్ పూస్తే వారం ఆగుతుందేమో.

యాంటెన్నా పెడితే ఏమీ రావడం లేదు. ఇప్పుడు ఏం చూడాలి ఇందులో?

దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ మూసేశారు. సెట్టాప్ బాక్సు పసుపు ఏవీ పిన్ను నుంచి ఇవ్వాలి. ఏవీ పిన్ను లేని సెట్టుకు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (ఏవీ సిగ్నల్‌ను యాంటెన్నా సిగ్నల్‌గా మార్చేది) కొనాలి. అందులో పాల్ బీ/జీ ఎంచుకోవాలి, అంటే బొమ్మకీ శబ్దానికీ తేడా 5.5 మెగాహెర్ట్జ్. డీ/కే మీద ఉంటే బొమ్మ వచ్చి శబ్దం రాదు, అప్పుడు ఆడియో ఐసీ మార్చుకుంటూ కూర్చుంటారు.

స్టేషన్ పెట్టిన అరగంటకు జారిపోతుంటే ట్యూనరుకు 33 వోల్టులిచ్చే జెనర్‌ను అనుమానించండి.

ఏవీ పిన్ను లేని సెట్టుకు అది పెట్టించుకోవచ్చా?

ఐసోలేటెడ్ చాసిస్ అయితే, డయాగ్రమ్ ఉంటే, చేయొచ్చు. లైవ్ చాసిస్ అయితే వద్దు. ఆ పిన్ను గ్రౌండు ద్వారా సెట్టాప్ బాక్సు ఒంటికి, అక్కడి నుంచి డిష్ కేబులు మీదుగా డాబా మీద డిష్ దాకా మెయిన్స్ పాకుతుంది. పిల్లలు ముట్టుకునేది ఆ పెట్టెనే.

ట్యూబ్ నీరసపడింది. బూస్ట్ చేయిస్తే?

ఫ్లైబ్యాక్ కోరు మీద వైరు ఒక చుట్టు ఎక్కువ వేసి హీటర్ వోల్టేజీ పెంచడం పాత మెకానిక్‌ల చిట్కా. బొమ్మ వెంటనే తేరుకుంటుంది, నిజమే. 6.3 వోల్టుల హీటర్ ఎక్కువ వేడిమి మీద నడిచి, మిగిలిన ఆయుష్షు తొందరగా కరిగిపోతుంది. ఇంకే దారీ లేనప్పుడు, చివరగా. అంతకంటే ముందు నెక్ సాకెట్ తుప్పు శుభ్రం చేసి, హీటర్‌కు పోయే చిన్న రెసిస్టెన్స్ విలువ పెరిగిందేమో చూడండి. నీరసమైన ట్యూబులని తేల్చినవాటిలో కొన్నింటి జబ్బు ఇదే.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

విజయవాడలో గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు ప్రాంతంలో, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట వైపు పాత రిపేరు షాపుల్లో అడగండి. కొత్త షాపుల కన్నా, మూలన పాత బోర్డులు పేర్చి ఉన్న షాపు మంచిది. అక్కడ లేనివి హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో. పేరు చెప్పి అడిగే కన్నా పోయిన వస్తువే చేతిలో పట్టుకెళ్లండి.

చెక్క క్యాబినెట్ సంగతి?

బోర్డు, ట్యూబ్ బయటకు తీశాకే చెక్క పని. చెద ఉంటే మందు కొట్టి రెండు వారాలు విడిగా ఉంచండి. వెనీర్ లేచిన చోట ఫెవికాల్ సిరంజితో ఎక్కించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. గాలి రంధ్రాలు మూసుకుపోయేలా పాలిష్ వేయకండి. బల్లులు రాకుండా లోపలివైపు పల్చటి నైలాన్ వల అంటించొచ్చు. మే నెల ఎండల్లో మాత్రం గోడకు జానెడు దూరం ఉంచి నడపండి.

బాగుపడింది. వెంటనే రోజూ వాడొచ్చా?

మొదట సీరీస్ బల్బు తీసి అరగంట, ఆఫ్ చేసి వేడి చూసి, తర్వాత రెండు గంటలు మనిషి ఎదుట. వారం పాటు మనుషులు లేకుండా ఆన్‌లో వదలొద్దు. వాడకపోయినా నెలకోసారి గంట నడిపితే కండెన్సర్లకు మంచిది.

ఒక సెట్టు బాగుకాదని తేలింది. ఏం దాచుకోవాలి?

ట్యూనరు, క్రిస్టల్, డిలే లైను, పీటీసీ, పవర్ ట్రాన్స్‌ఫార్మర్, నాబ్‌లు, వెనక మూత క్లిప్పులు. ఫ్లైబ్యాక్ మంచిదైతే నంబరు రాసి. ట్యూబ్ బాగుంటే యోక్ విడదీయకుండా, నెక్ బోర్డుతో సహా, తెర కిందకు పెట్టి పరుపు ముక్క మీద దాచండి. ట్యూబ్ పోయి ఉంటే పగలగొట్టకండి, కాలవ గట్టున పారేయకండి: వెనక గరాటు గాజులో సీసం ఉంటుంది, లోపలి శూన్యం వల్ల పగిలితే ముక్కలు ముఖం మీదకు వస్తాయి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు గాజు పగలకుండా ఇచ్చేయండి, రాగి కోసం యోక్ పీకి ఇచ్చినా తీసుకుంటారు.